ఒరెగాన్ తీరం వెంబడి సైకిల్ మీద, టెంట్ వేసుకుంటూ: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ పక్కనున్న హిల్స్‌బరో, బీవర్టన్ చుట్టుపక్కల మనవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, వీకెండ్ వస్తే కారేసుకుని కేనన్ బీచ్‌కి వెళ్ళి రావటం అందరికీ అలవాటే. నేను 2019 ఆగస్టులో మా బావతో కలిసి, మళ్ళీ 2023 సెప్టెంబర్‌లో ఒక్కడినే, తీరానికి ఉత్తరం చివరున్న ఆస్టోరియా దగ్గర మొదలుపెట్టి కాలిఫోర్నియా బోర్డర్ దాకా సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళాను, రాత్రిళ్ళు స్టేట్ పార్కుల్లో టెంట్ వేసుకుని పడుకున్నాను. అప్పట్నుంచి ఏ పొట్లక్‌కి వెళ్ళినా ఏ గృహప్రవేశానికి వెళ్ళినా ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఇవే అడుగుతున్నారు, అందుకని అన్నీ ఒకచోట రాస్తున్నా.

మొత్తం ఎంత దూరం అండి, ఎన్ని రోజులు పడుతుంది?

ఒరెగాన్ కోస్ట్ బైక్ రూట్ అని స్టేట్ వాళ్ళే పేరు పెట్టిన దారి ఇది, సుమారు 370 మైళ్ళు, అంటే మన లెక్కలో దాదాపు 595 కి.మీ. చాలా వరకు హైవే 101 మీదే, మధ్యమధ్యలో సముద్రానికి ఇంకా దగ్గరగా ఉండే చిన్న రోడ్ల మీదకి దిగుతుంది. అన్ని ఎత్తులూ కలిపితే సుమారు 16,000 అడుగుల ఎక్కుడు. అంకె చూసి కంగారు పడకండి, అది తొమ్మిది పది రోజుల మీద పంచుకునేది. కుర్రాళ్ళు ఆరు రోజుల్లో కొట్టేస్తారు, నేను మొదటిసారి తొమ్మిది రోజులు, రెండోసారి పదకొండు రోజులు తీసుకున్నా, రెండోదే బాగుంది. ఆఫీసులో సెలవు వారమే దొరికితే ఆస్టోరియా నుంచి ఫ్లోరెన్స్ దాకా వెళ్ళి ఆపెయ్యండి, మిగతాది వచ్చే ఏడాది. అంతేగాని వారంలో మొత్తం అయిపోవాలని మాత్రం పెట్టుకోకండి.

నాకు నలభై దాటాయి, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం, నా వల్ల అవుతుందా?

అవుతుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు 44, మా బావకి 51, ఆయనకి షుగర్ కూడా ఉంది, డాక్టర్‌తో మాట్లాడి మాత్రల టైం సరిచేసుకుని వచ్చాడు. ఈ దారిలో బలం కన్నా ఓపిక ముఖ్యం. పొద్దున్న ఏడింటికి బయల్దేరి, మధ్యలో రెండు మూడు చోట్ల ఆగి, మధ్యాహ్నం మూడింటికల్లా క్యాంపుకి చేరేలా చూసుకుంటే 40 మైళ్ళు ఏమంత కష్టం కాదు. ఎత్తు వచ్చినప్పుడు దిగి నడిపించుకుంటూ వెళ్తే ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రాక్టీస్ అంటే జిమ్‌లో కాదు, సామాను కట్టిన సైకిల్‌తో చెయ్యాలి. హిల్స్‌బరో వాళ్ళకి ఇంటి పక్కనే బ్యాంక్స్ వెర్నోనియా ట్రైల్ ఉంది, పాత రైలు కట్ట మీద వేసిన 21 మైళ్ళ దారి, కార్లు ఉండవు, మధ్యలో స్టబ్ స్టీవర్ట్ స్టేట్ పార్క్ ఉంది. టూర్‌కి ముందు అక్కడ రెండు సార్లు రాత్రి ఉండి రండి. టెంట్‌లో నిద్ర పడుతుందా లేదా, సీటు నొప్పి పెడుతుందా, మోకాలు ఏమంటుంది, ఏ సామాను అనవసరంగా మోశారు, అన్నీ ఆ రెండు రాత్రుల్లో తెలిసిపోతాయి. బావ అక్కడే నేర్చుకున్నాడు, బరువైన చెప్పులూ ఉక్కు గిన్నెలూ ఇంటికి పంపించేశాడు.

అందరూ ఉత్తరం నుంచి దక్షిణానికే ఎందుకు వెళ్తారు?

గాలి వల్ల. వేసవిలో ఈ తీరం మీద గాలి వాయవ్యం నుంచి వీస్తుంది, మధ్యాహ్నం అయ్యేకొద్దీ పెరుగుతుంది. దక్షిణానికి వెళ్తుంటే వీపు మీద చెయ్యి వేసి తోస్తున్నట్టు ఉంటుంది, ఎదురు వెళ్తే సగం దూరానికే రెట్టింపు అలసట. రెండో కారణం, ఇక్కడ రోడ్డుకి కుడిపక్కన వెళ్తాం కాబట్టి దక్షిణానికి వెళ్ళేవాళ్ళకి సముద్రం మన పక్కనే ఉంటుంది, వ్యూ పాయింట్‌లో ఆగాలంటే రోడ్డు దాటక్కర్లేదు. మూడోది, షోల్డర్లు, అంటే రోడ్డు అంచున తెల్ల గీత బయట ఉండే చోటు, అవి కూడా ఆ వైపే కాస్త వెడల్పుగా వేశారు. కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్ళు కొందరు ఇంటి దగ్గర నుంచి పైకి తొక్కుతామంటారు, దయచేసి అలా చెయ్యకండి, పైకి బస్సులోనో కారులోనో వచ్చి కిందకి తొక్కండి.

ఏ నెలలో వెళ్ళాలి?

జూలై నుంచి సెప్టెంబర్ మధ్య దాకా. జూన్‌లో ఇంకా వానలుంటాయి, అక్టోబర్ వస్తే గాలి తిరగబడి దక్షిణం నుంచి తుఫాను గాలులు మొదలౌతాయి. ఆగస్టులో ఆర్‌వీలు (లోపలే పడుకునే ఇల్లులాంటి పెద్ద బండ్లు), ట్రైలర్లు ఎక్కువ, సెప్టెంబర్ మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవు అయ్యాక రోడ్డు సగం ఖాళీ అవుతుంది, స్కూలు పిల్లలు లేనివాళ్ళకి నా ఓటు సెప్టెంబర్ మొదటి రెండు వారాలకే. వేసవి కదా అని కాటన్ టీషర్టులు వేసుకుని రాకండి. లోపల పోర్ట్‌లాండ్‌లో 35 డిగ్రీలు కాస్తున్న రోజున కూడా తీరంలో 17, 18 డిగ్రీలు ఉంటుంది, పొద్దున్న మంచు పొగ కమ్ముకుని ఉంటుంది, టెంట్ లోపల గోడలకి నీళ్ళు పట్టి ఉంటాయి.

రాత్రి ఎక్కడ పడుకోవాలి, ముందే బుక్ చెయ్యాలా?

అందరికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే, ఈ టూర్ ఇంత తేలిక అయ్యేది కూడా దీనివల్లే. ఒరెగాన్ తీరంలో చాలా స్టేట్ పార్కుల్లో హైకర్ బైకర్ క్యాంప్ అని విడిగా ఒక చోటు ఉంటుంది, నడిచో సైకిల్ మీదో వచ్చినవాళ్ళకి మాత్రమే, కారుతో వచ్చినవాళ్ళకి ఇవ్వరు. రిజర్వేషన్ ఉండదు, వచ్చినవాళ్ళు వచ్చినట్టు టెంట్ వేసుకోవటమే. కార్లవాళ్ళు ఆరు నెలల ముందు నుంచి కాచుకుని బుక్ చేసుకునే పార్కులో మీరు సాయంత్రం నాలుగింటికి వెళ్ళి, మనిషికి ఇంత అని కొద్ది డాలర్లు కట్టి పడుకోవచ్చు. రేటు అప్పుడప్పుడు మారుస్తున్నారు, వెళ్ళే ముందు స్టేట్ పార్క్స్ సైట్‌లో ఒకసారి చూసుకోండి, ఏ పార్కులో ఏదైనా పని జరుగుతూ మూసేశారేమో అదీ అక్కడే ఉంటుంది.

వేడినీళ్ళ షవర్ ఆ డబ్బుల్లోనే. కొన్ని పార్కుల్లో ఫోన్ ఛార్జింగ్‌కి, తిండి దాచుకోవటానికి తాళం వేసుకునే లాకర్లు పెట్టారు, తాళం మాత్రం మనదే తెచ్చుకోవాలి. మన వాళ్ళకి ఇంకో బెంగ ఉంటుంది, బాత్రూంలో నీళ్ళు. ఒక ప్లాస్టిక్ బాటిల్ దానికే వేరుగా పెట్టుకోండి, అయిపోయింది.

ఆ క్యాంపులో దొరికే మనుషులు నాకు ఇప్పటికీ గుర్తొస్తారు. అందరూ ఒకే దిక్కుకి, ఇంచుమించు ఒకే వేగంతో వెళ్తారు కాబట్టి మొదటిరోజు చూసిన మొహమే నాలుగో రోజూ కనిపిస్తుంది, అప్పటికి చుట్టరికం కలిసిపోతుంది. 2023లో ఒక జర్మన్ రిటైర్డ్ టీచర్ గారూ నేనూ ఐదు రాత్రులు ఒకే మంట దగ్గర కూర్చున్నాం, ఆవిడకి 68 ఏళ్ళు, నా కారప్పొడి ఆవిడ ఉడకబెట్టిన బంగాళాదుంపల మీద చల్లుకుని తినేది.

రోజుకి ఎక్కడి నుంచి ఎక్కడికి? ఒక ప్లాన్ చెప్పండి.

మేం తొమ్మిది రోజుల్లో వెళ్ళింది చెప్తా, మైళ్ళన్నీ సుమారు లెక్క.

ముందురోజు సాయంత్రానికే ఫోర్ట్ స్టీవెన్స్ పార్కుకి చేరి అక్కడ పడుకోండి, 1906లో ఒడ్డుకి కొట్టుకొచ్చిన పీటర్ ఐరెడేల్ ఓడ ఇనప చట్రం ఇసకలో ఇంకా నిలబడి ఉంది, ఆటుపోటు తక్కువున్నప్పుడు దగ్గరికి నడిచి వెళ్ళొచ్చు. మొదటి రోజు సీసైడ్, కేనన్ బీచ్ మీదుగా నెహాలెం బే, 45 మైళ్ళు. కేనన్ బీచ్‌లో 235 అడుగుల హేస్టాక్ రాక్ మనందరికీ తెలిసిందే, అది దాటాక ఆర్చ్ కేప్ టన్నెల్, తర్వాత నియాకానీ కొండ ఎక్కుడు. మొదటి రోజే కాళ్ళు పట్టేస్తాయి, తొందరపడకండి. ఆ కొండ మీద ఆగి వెనక్కి తిరిగి చూస్తే ఒక పక్క నిటారుగా రాయి, కింద నీలం నీళ్ళు, మా బావ అక్కడ సైకిల్ ఆపి అరగంట మాట్లాడలేదు.

రెండో రోజు టిల్లమూక్ మీదుగా కేప్ లుకౌట్, 40 మైళ్ళు. టిల్లమూక్‌లో చీజ్ ఫ్యాక్టరీ దగ్గర ఐస్‌క్రీం తినకుండా వెళ్ళే సైక్లిస్టుని నేను చూడలేదు. మూడో రోజు కేప్ లుకౌట్ కొండ దాటి పసిఫిక్ సిటీ, నెస్కోవిన్, లింకన్ సిటీ, ఇంకో 40. నెస్కోవిన్ తర్వాత 101 వదిలేసి స్లాబ్ క్రీక్ రోడ్డు పట్టుకోండి, పాత హైవే అది, అడవి మధ్యలోంచి వెళ్తుంది, గంటకి నాలుగు కార్లు కూడా కనపడలేదు మాకు.

నాలుగో రోజు కావాలనే తక్కువ పెట్టుకున్నాం, లింకన్ సిటీ నుంచి న్యూపోర్ట్ అవతల సౌత్ బీచ్ దాకా 30. ఎందుకంటే దారిలో చూసేవి ఎక్కువ. డిపో బేలో రోడ్డు పక్కన గోడ దగ్గర నిలబడితే చాలు, వేసవిలో కొన్ని గ్రే తిమింగలాలు అక్కడే మేస్తూ ఉంటాయి, నీళ్ళు చిమ్మటం ఒడ్డు నుంచే కనిపిస్తుంది. తర్వాత ఆటర్ క్రెస్ట్ లూప్ అని దక్షిణానికి మాత్రమే వెళ్ళే వన్ వే రోడ్డు, సైకిళ్ళకి విడిగా లేన్, పైన కేప్ ఫౌల్‌వెదర్, 1778 మార్చిలో కెప్టెన్ కుక్ అక్కడ చెడ్డ వాతావరణంలో చిక్కుకుని ఆ పేరు పెట్టాడు. మొత్తం టూర్‌లో ఒక్క మైలు మళ్ళీ తొక్కమంటే నేను ఆ మైలే తొక్కుతా.

ఐదో రోజు యాహట్స్, కేప్ పర్పెచువా, హెసీటా హెడ్ లైట్‌హౌస్, ఫ్లోరెన్స్, హనీమన్ పార్క్, 50 మైళ్ళు. బరువు అనిపిస్తే మధ్యలో వాష్‌బర్న్ పార్క్‌లో ఆగిపోవచ్చు, రెండోసారి నేను అలాగే చేశా. హనీమన్ పార్కులో ఇసక తిన్నె నేరుగా మంచినీళ్ళ చెరువులోకి జారుతుంది, సముద్రంలా గడ్డకట్టించే చల్లదనం ఉండదు, ఈత కొట్టాలంటే అక్కడే. ఆరో రోజు ఇసక కొండల పక్కనుంచి రీడ్స్‌పోర్ట్, కూస్ బే దాటి సన్‌సెట్ బే, దగ్గర దగ్గర 57, అన్నిట్లో పొడుగైన రోజు.

ఏడో రోజు బ్యాండన్ దగ్గర బుల్లర్డ్స్ బీచ్ దాకా 25 మైళ్ళే, కానీ సెవెన్ డెవిల్స్ రోడ్డు ఉంది మధ్యలో, పేరు ఊరికే పెట్టలేదు, ఎక్కుడు దిగుడు ఎక్కుడు దిగుడు. ఎనిమిదో రోజు పోర్ట్ ఆర్ఫర్డ్ మీదుగా హంబగ్ మౌంటెన్, 35. తొమ్మిదో రోజు గోల్డ్ బీచ్, కేప్ సెబాస్టియన్, శామ్యూల్ బోర్డ్‌మన్ తీరం, బ్రూకింగ్స్ దగ్గర హారిస్ బీచ్, 50. బోర్డ్‌మన్ ఆ 12 మైళ్ళకి రెండు గంటలు ఎక్కువ పెట్టుకోండి, ప్రతి మలుపులోనూ ఒక వ్యూ పాయింట్, ప్రతి దాంట్లోనూ ఆగాలనిపిస్తుంది.

ఇంత పొడుగునా సముద్రం కనిపిస్తుంది, రిసార్టులూ గోడలూ అడ్డం రావా?

ఊళ్ళల్లో ఇళ్ళు ఉంటాయి, హోటళ్ళు ఉంటాయి, కానీ ఇసక మీద కంచె మాత్రం ఉండదు. 1966లో ఒక మోటెల్ వాళ్ళు కేనన్ బీచ్‌లో తమ ముందున్న ఇసకని దుంగలతో మూసేస్తే జనం గొడవ చేశారు, దాని తర్వాత 1967లో బీచ్ బిల్ వచ్చింది, గవర్నర్ టామ్ మెక్‌కాల్ సంతకం పెట్టాడు, తీరమంతా జనం తిరగటానికి హక్కు. 1971లో బైసికిల్ బిల్ వచ్చింది, హైవే డబ్బుల్లో కనీసం ఒక శాతం నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ ఖర్చు పెట్టాలని. మనం తొక్కే షోల్డర్ వెనకాల ఈ రెండు చట్టాలున్నాయి. సముద్రం పక్క ఊళ్ళో పుట్టినవాణ్ణి, ఒడ్డు అందరిదీ అనే మాట చట్టంలో చదివినప్పుడు నాకు గుండె నిండిపోయింది.

టన్నెళ్ళు, బ్రిడ్జిలు, లారీలు... భయం కాదా?

భయం ఉండాలి, అది అక్కరకొచ్చే భయం. ఆర్చ్ కేప్ దగ్గర ఒకటి, హెసీటా హెడ్ దాటగానే ఇంకోటి, రెండు టన్నెళ్ళు వస్తాయి. రెండింటికీ ముందు ఒక బటన్ ఉంటుంది, నొక్కితే లోపల సైకిల్ ఉందని కార్లవాళ్ళకి లైట్లు మిణుకుతాయి. బటన్ నొక్కండి, ముందూ వెనకా మీ లైట్లు వేసుకోండి, వెనక నుంచి వచ్చే గుంపుని పోనివ్వండి, ఖాళీ దొరికాక ఆగకుండా వెళ్ళిపోండి. ఆర్చ్ కేప్‌ది సుమారు 1200 అడుగుల పొడుగు, పైగా కాస్త ఎక్కుడు.

న్యూపోర్ట్‌లో యాక్వినా బే బ్రిడ్జి, నార్త్ బెండ్‌లో మెక్‌కల్లఫ్ బ్రిడ్జి, రెండూ 1936వి, కాండే మెక్‌కల్లఫ్ అనే ఇంజినీర్ డిజైన్. చూడటానికి ఎంత అందమో తొక్కటానికి అంత ఇరుకు, షోల్డర్ లేదు, పైన పక్క గాలి కొడుతుంది. నేను రెండుసార్లూ దిగి సైడ్‌వాక్ మీద నడిపించుకుంటూ వెళ్ళాను, పావుగంట ఎక్కువ పట్టింది, అంతే.

మామూలు రోడ్డు మీద నాకు దుంగల లారీల కన్నా అద్దె ఆర్‌వీలంటేనే భయం. లారీ డ్రైవర్‌కి తన బండి వెడల్పు తెలుసు, మొన్ననే అద్దెకి తీసుకున్నవాళ్ళకి తెలియదు. ఎడమ హ్యాండిల్‌కి ఒక చిన్న అద్దం, ఫ్లోరసెంట్ పసుపు జాకెట్, పగలు కూడా వెనక ఎర్ర లైటు, ఈ మూడూ లేకుండా వద్దు. మంచు పొగ దట్టంగా ఉంటే క్యాంపులోనే ఇంకో టీ తాగుతూ కూర్చోండి, పదింటికి అదే విచ్చుకుంటుంది.

కొత్త సైకిల్ కొనాలా?

ఉన్నదానికి వెనక క్యారియర్ బిగించే బోల్టు కంతలుండి, ఎక్కుడులో తేలిగ్గా తొక్కగలిగే చిన్న గేర్లు ఉంటే అదే చాలు. టైర్లు 35 మిల్లీమీటర్లకి తగ్గకుండా వేసుకోండి. సన్నటి రేసింగ్ సైకిల్, కార్బన్ ఫ్రేమ్ మీద 15 కిలోల సామాను కట్టొద్దు. 2019లో నా సైకిల్‌కి వెనక చక్రం స్పోకు గోల్డ్ బీచ్‌కి ఎనిమిది మైళ్ళ ముందు తెగింది, చక్రం బ్రేకుకి రాసుకుంటూ ఊళ్ళోకి వచ్చేసరికి రెండు గంటలు. ఆ తర్వాత గట్టి 36 స్పోకుల చక్రం కట్టించుకున్నా, రెండోసారి ఏ గొడవా రాలేదు. పంక్చర్ వెయ్యటం, చైన్ లింకు కలపటం ఇంటి దగ్గరే నేర్చుకోండి, సైకిల్ షాపులు ఊరూరా ఉండవు.

ఏమేం పట్టుకెళ్ళాలి?

వెనక రెండు వాటర్‌ప్రూఫ్ బ్యాగులు, ముందు హ్యాండిల్ బ్యాగు ఒకటి. రెండు కిలోల లోపు టెంట్, 5 డిగ్రీల చలికి ఆగే స్లీపింగ్ బ్యాగు, గాలి నింపుకునే పరుపు. పరుపు మీద పిసినారితనం వద్దు, కింద నుంచి వచ్చే చలే అసలు చలి. తొక్కేటప్పుడు వేసుకునేవి రెండు జతలు, పడుకునేటప్పుడు పొడిగా ఉండే జత ఒకటి, దాన్ని చచ్చినా తడపకూడదు. వాన జాకెట్, వెచ్చటి టోపీ, చేతి గ్లౌజులు. రెండు ట్యూబులు, పంపు, అలెన్ కీలు, తలకి లైటు.

తిండి సంగతి? వెజిటేరియన్లకి దొరుకుతుందా?

పెద్ద ఊళ్ళల్లో, అంటే సీసైడ్, టిల్లమూక్, లింకన్ సిటీ, న్యూపోర్ట్, ఫ్లోరెన్స్, కూస్ బే, బ్రూకింగ్స్‌లో, మంచి సూపర్ మార్కెట్లున్నాయి. చిన్న ఊళ్ళల్లో గ్రిల్డ్ చీజ్, పిజ్జా, బీన్ బురిటో, పాన్‌కేక్ ఇవే గతి, వెజిటేరియన్‌కి బండి నడుస్తుంది గాని నాలుగో రోజుకి నోరు చచ్చిపోతుంది. అందుకే ఇంటి నుంచి తీసుకెళ్ళాలి. మా ఆవిడ వేయించిన రవ్వలో పోపు, జీడిపప్పు, ఎండు కరివేపాకు అన్నీ కలిపి ఉప్మా పొట్లాలు కట్టిచ్చింది, క్యాంపులో మరిగే నీళ్ళు పోసి మూత పెడితే ఐదు నిమిషాలు. పులిహోర పేస్టు చిన్న సీసా, పది నిమిషాల్లో ఉడికే బియ్యం, కందిపొడి, నెయ్యి ఒక చిన్న డబ్బా. అటుకులు అన్నిటికన్నా తేలిక, తడిపి మీద పెరుగు వేసుకుంటే మధ్యాహ్నం భోజనం అయిపోతుంది. ఆవకాయ రెండు జిప్ కవర్లలో పెట్టి మళ్ళీ డబ్బాలో పెట్టండి, నూనె కారిందంటే బట్టలన్నీ పోతాయి.

నాన్ వెజ్ తినేవాళ్ళకి లోటే లేదు, డంజనెస్ పీత ఈ తీరం ప్రత్యేకం, ఉప్పునీళ్ళల్లో ఉడకబెట్టి అలాగే ఇస్తారు. మా ఊళ్ళో పీతల పులుసు మీద పెరిగిన నాకు మసాలా లేకుండా పీత ఇంత తియ్యగా ఉంటుందని ఇక్కడే తెలిసింది. ఆగస్టు, సెప్టెంబర్‌లో రోడ్డు పక్కనంతా అడవి బ్లాక్‌బెర్రీలు పండి ఉంటాయి, ఆగి తినండి, కానీ సైకిల్ ఆ పొదల్లోకి తోసి నిలబెట్టకండి, ఆ ముళ్ళు టైర్లోకి దిగుతాయి.

ముఖ్యంగా ఆకలి వేశాక తినటం కాదు, గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకుంటూ ఉండాలి. షుగర్ ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త, బావ జేబులో ఎప్పుడూ ఖర్జూరాలుండేవి.

ఎలుగుబంట్లు ఉంటాయా?

నల్ల ఎలుగులు అడవుల్లో ఉన్నాయి గాని నేను చూడలేదు. అసలు దొంగలు రాకూన్లు అనే చిన్న అడవి జంతువులు. చేతులు మనిషి చేతుల్లా ఆడిస్తాయి, జిప్పులు తీస్తాయి, మూతలు తీస్తాయి. కేప్ లుకౌట్‌లో నేను పది నిమిషాలు షవర్‌కి వెళ్ళొచ్చేసరికి రెండు రోజుల రొట్టె, వేరుశెనగ అచ్చు మొత్తం పోయాయి, ఆవకాయ మాత్రం మూత తీసి వదిలేశాయి. తిండి లాకర్లో పెట్టండి, లాకర్ లేకపోతే చెట్టు కొమ్మకి ఎత్తుగా కట్టండి, టెంట్ లోపల చాక్లెట్ ముక్క కూడా ఉంచొద్దు.

సముద్రంలో దిగొచ్చా?

కాళ్ళు తడుపుకోండి చాలు. వేసవిలో కూడా నీళ్ళు 10 నుంచి 14 డిగ్రీలే, కాసేపటికే కాళ్ళూ చేతులూ మొద్దుబారిపోతాయి. ఉన్నట్టుండి ఒక పెద్ద అల మామూలు కన్నా చాలా పైకి వచ్చేస్తుంది, దాన్ని ఇక్కడ స్నీకర్ వేవ్ అంటారు, వీపు సముద్రం వైపు పెట్టి ఫోటోలు దిగొద్దు. ఒడ్డున పడి ఉన్న పెద్ద దుంగల మీద ఎక్కొద్దు, చిన్న అల వచ్చినా అవి దొర్లుతాయి, మనుషులు నలిగిపోయారు అలా.

ఇంకోటి, దారి పొడుగునా నీలం రంగు సునామీ బోర్డులు కనిపిస్తాయి. ఈ తీరానికి దగ్గర్లోనే సముద్రం అడుగున కాస్కేడియా ఫాల్ట్ అనే భూకంపాలు పుట్టించే పెద్ద పగులు ఉంది, 1700 జనవరి 26న అది పెద్దగా కదిలింది, ఆ అలలు జపాన్ దాకా వెళ్ళాయి. నేల గట్టిగా ఊగితే సైరన్ కోసం చూడకుండా, సామాను వదిలేసి, బోర్డు చూపించిన ఎత్తుకి పరిగెత్తాలి. 2004 డిసెంబర్ 26న మా వైపు సముద్రం వెనక్కి వెళ్తే చూడటానికి ముందుకెళ్ళినవాళ్ళ సంగతి మన తీరం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ప్రతి క్యాంపులోనూ టెంట్ వేసే ముందే ఎత్తుకి దారి ఎటో చూసుకోండి.

ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్ళొచ్చా?

వెళ్తున్నారు, నేను క్యాంపుల్లో చాలామందిని కలిశాను, ఆ జర్మన్ టీచర్ గారు ఒంటరే. వాళ్ళు చెప్పిందే చెప్తున్నా: అడవిలో ఎక్కడపడితే అక్కడ కాకుండా హైకర్ బైకర్ క్యాంపులోనే ఉండటం, చీకటి పడకముందే చేరటం, ఈ రాత్రి ఎక్కడ ఉంటున్నామో దారిలో అడిగిన అపరిచితులకి చెప్పకపోవటం, ఇంటికి మాత్రం రోజూ చెప్పటం.

పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

101 మీద వద్దు అంటాను. కొందరు ట్రైలర్ కట్టి తీసుకెళ్తున్నారు, నాకు మాత్రం ఆ షోల్డర్ మీద మనసు ఒప్పదు. పైన చెప్పిన బ్యాంక్స్ వెర్నోనియా ట్రైల్ మీద మా అమ్మాయి పదో ఏట నాతో వచ్చి టెంట్‌లో పడుకుంది, పిల్లలకి అది చాలా ఎక్కువ. 16 ఏళ్ళ లోపు వాళ్ళకి హెల్మెట్ ఇక్కడ చట్టం, పెద్దవాళ్ళు కూడా పెట్టుకోండి.

ఫోన్ సిగ్నల్?

కొండల వెనక, అడవి రోడ్లలో పోతుంది. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఒక పవర్ బ్యాంక్, ఇంటివాళ్ళకి "సాయంత్రం ఆరు దాటితే ఫోన్ చేస్తాను, రాకపోతే కంగారు పడకండి, పొద్దున్న చేస్తాను" అని ముందే చెప్పండి. ఇండియాలో అమ్మావాళ్ళకి ఈ మాట రెండుసార్లు చెప్పండి.

ఖర్చు ఎంత?

సామాను పక్కన పెడితే నాకు రోజుకి 40, 45 డాలర్లు అయ్యింది, అందులో సగానికి పైగా కాఫీ, పై, ఐస్‌క్రీం. మధ్యలో ఒక రాత్రి మోటెల్‌లో ఉండి బట్టలు ఉతుక్కోవటానికి విడిగా డబ్బులు పెట్టుకోండి, ఐదో రోజో ఆరో రోజో ఆ పరుపు బంగారం.

ఇండియా నుంచి వచ్చి చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు, పోర్ట్‌లాండ్‌లో దిగాలి. సైకిల్ డబ్బాలో ప్యాక్ చేసి తెచ్చుకోండి, ఎయిర్‌లైన్ రూల్స్ ముందే కనుక్కోండి. స్టవ్ గ్యాస్ డబ్బా మాత్రం విమానంలో ఏ బ్యాగులోనూ ఎక్కించరు, ఇక్కడ దిగాకే కొనుక్కోవాలి. ఇక్కడ రోడ్డుకి కుడిపక్క తొక్కాలి, మన అలవాటుకి రివర్స్, మొదటి రెండు రోజులు కూడలి దగ్గర ఆగి ఆలోచించి వెళ్ళండి.

ఇలాంటిది మన ఆంధ్ర తీరంలో కుదురుతుందా?

ఇలాంటి క్యాంపులు మనకి లేవు, కాబట్టి రాత్రికి లాడ్జో చుట్టాల ఇల్లో చూసుకోవాలి. 2021 డిసెంబర్‌లో ఊరెళ్ళినప్పుడు విశాఖ నుంచి భీమిలి బీచ్ రోడ్డు మీద తమ్ముడితో తొక్కాను, ఋషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, చివర్లో గోస్తని సముద్రంలో కలిసేచోటు, అంత చిన్న దూరంలో అన్ని చూసేవి ఒరెగాన్‌లో కూడా లేవు. శీతాకాలంలో మనకి ఈశాన్యం గాలి కాబట్టి ఇచ్ఛాపురం వైపు నుంచి విశాఖకి రావటం తేలిక. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల టైం, హుద్‌హుద్, తిత్లీ రెండూ అక్టోబర్‌లోనే వచ్చాయి, అందుకని డిసెంబర్ చివర, జనవరి మంచిది. భీమిలి దగ్గర స్టేట్ వాళ్ళు సైకిల్ వాళ్ళకని పది టెంట్ల చోటు, ఒక షవర్, ఒక లాకర్ పెడితే నేను మొదటి రాత్రి అక్కడ పడుకోవటానికి వస్తాను.

చివర్లో బ్రూకింగ్స్ నుంచి ఇంటికి ఎలా రావాలి?

మేం బ్రూకింగ్స్ నుంచి ఇంకో 26 మైళ్ళు తొక్కి క్రెసెంట్ సిటీ వెళ్ళాం, అక్కడ ముందే బుక్ చేసుకున్న వన్ వే అద్దె కారు తీసుకుని, ముందు చక్రాలు ఊడదీసి సైకిళ్ళు లోపల పెట్టుకుని వచ్చేశాం. చిన్న ఊళ్ళల్లో కార్లు తక్కువ, నెల ముందు బుక్ చెయ్యకపోతే దొరకవు. బ్రూకింగ్స్ నుంచి మెడ్‌ఫర్డ్ వైపు బస్సు కూడా ఉంది, సైకిల్ ఎక్కించుకుంటారా, ఎన్ని సైకిళ్ళకి చోటుంది అనేది ఫోన్ చేసి అడగండి. అన్నిటికన్నా సుఖం ఎవరైనా కారేసుకుని రావటం. 2023లో మా ఆవిడా అమ్మాయీ హారిస్ బీచ్‌కి వచ్చారు, డిక్కీలో పెరుగన్నం, మాగాయ, నా ఇంటి చెప్పులు పెట్టుకుని.